సుగుణక్క వాకిట్లో ఆదివారం

“రావొద్దు.”

సుగుణక్క నుంచి ఆ ఒక్క మాట నా ఫోనుకు వచ్చేసరికి పాలకొల్లులో నేను సంచి సర్దుకోవడం కూడా అయిపోయింది. మళ్లీ ఒకసారి చదువుకుని, సంచిలో ఇంకో దుప్పటి పెట్టుకున్నాను. మా వారు గుమ్మంలో నిలబడి, “వద్దన్న ఇంటికి ఎవరైనా వెళ్తారా?” అన్నారు. “వద్దంది గనకే వెళ్తున్నాను” అని స్టేషనుకు బయల్దేరాను.

సుగుణక్క ఎవరో ముందు చెప్పాలి. ఆమె మా ఊరి ఆసుపత్రిలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగమంతా మా దగ్గరే చేసింది. ఆదివారం చర్చిలో పాట ఎత్తేది ఆమే. నేను బళ్లో తెలుగు పంతులమ్మని. పాటల బృందంలో ఆమె పక్కన నిలబడి, ఆమె గొంతు పట్టుకుని పాడేదాన్ని. ఆమె పాట ఎత్తితే వెనక బెంచీలో కునికే ముసలాయన కూడా సర్దుకుని కూర్చునేవాడు. రిటైరయ్యాక, “మా ఊళ్లో పాట చెప్పేవాళ్లు లేరు వసంతా” అని సొంత ఊరికి వెళ్లిపోయింది. కుప్పం దాటి, గుడుపల్లె వైపు ఉన్న ఒక చిన్న పల్లె.

కిందటేడు ఆమెకు గొంతులో గడ్డ లేచింది. వేలూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. స్వరపేటిక తీసేశారు. జబ్బు పోయింది, దాంతోపాటు మాటా పోయింది. ఇప్పుడు మెడ దగ్గర చిన్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటుంది. ఏదైనా చెప్పాలంటే ఫోనులో టైపు చేస్తుంది. ఆపరేషన్ తర్వాత చర్చికి వెళ్లడం కూడా మానేసిందట. ఈ సంగతి నాకు చెప్పింది మదనపల్లెలో ఉండే ఆమె అక్క సరోజనమ్మ. “నువ్వొచ్చి ఒకసారి సూడు తల్లీ, నా మాట వినడంలే” అని ఫోనులో ఏడ్చింది.

నేను రాయలసీమ ఎప్పుడూ చూడలేదు. ఆపరేషనై ఇన్నాళ్లయినా సుగుణక్కనూ చూడలేదు. ఆమె ఎదురైతే ఏం మాట్లాడాలో దారిపొడుగునా అనుకుంటూనే వెళ్లాను.

మదనపల్లెలో చలి, సంగటి

కాలవ గట్టు మీద పెరిగిన కళ్లకు ఆ నేల కొత్తగా ఉంది. ఎటు చూసినా రాతి గుట్టలు. ఎవరో పేర్చి పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి గుండ్లు. మా వైపు చలికాలంలోనూ ఫ్యాను లేనిదే పడుకోలేం. మదనపల్లెలో బస్సు దిగగానే పమిట భుజాల చుట్టూ కప్పుకున్నాను. రోడ్డు పక్కన లారీల్లోకి టమోటా పెట్టెలు ఎక్కిస్తున్నారు. గాలంతా పచ్చి టమోటా వాసన.

సరోజనమ్మ బస్టాండుకే వచ్చి, నా చేతిలో సంచి లాక్కుంది.

“యాల మా ఇంత బరువు తెచ్చినావు? ఈడ దుప్పట్లు లేవనుకుంటివా?”

ఆమె ఇల్లు మిషన్ ఆసుపత్రి వెనక సందులో. ఆ ఆసుపత్రి వంటింట్లో రోగులకు జావ కాచి రిటైరైన మనిషి. ఆ సందులో అన్నీ అలాంటి ఇళ్లే. ఒకరు నర్సు, ఒకరు అంబులెన్సు డ్రైవరు, ఒకరు మిషన్ బడిలో టీచరు. వాళ్ల తాతలు కూలికి పోయి బతికినవాళ్లు. ఇప్పుడు పొద్దున్నే అంగళ్లు అనే పక్క ఊరి కాలేజీ బస్సు ఆ ఇళ్ల పిల్లల కోసం సందు మొదట్లో ఆగి హారను కొడుతుంది.

మధ్యాహ్నం నా ముందు కంచంలో రాగి సంగటి ముద్ద పెట్టింది. పక్కన చెనక్కాయల ఊరుమిండి, అంటే వేరుశనగ పచ్చడి, ఆకుకూర పులుసు. నేను ముద్ద తుంచి నోట్లో పెట్టుకుని, అన్నం నమిలినట్టు నమిలాను. అది పళ్లకు పట్టుకుంది. నమిలేకొద్దీ పెరుగుతోంది తప్ప లోపలికి పోవడం లేదు.

“నమలాకమ్మా!” అంది సరోజనమ్మ. “పులుసులో అద్దుకోని మింగేయి. సంగటికి పండ్లతో పని లేదు.”

మూడో ముద్దకి ఒడుపు దొరికింది. ఊరుమిండి కారానికి కళ్లలో నీళ్లు తిరుగుతుంటే, “చాలా బాగుందండి” అన్నాను. నేను మాటకో ‘అండి’ తగిలిస్తుంటే ఆమె కోడలు మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకుంటోంది. ఇక్కడ గౌరవమైనా, ప్రేమైనా, చీవాట్లయినా ‘అమ్మా’, ‘అప్పా’లతోనే నడుస్తాయి. పాస్టరుగారిని కూడా ఒక ముసలామె, “ఏమప్పా, మొన్న రాకపోతివి?” అని నిలదీయడం తర్వాత విన్నాను. మా ఊళ్లో అలా అంటే సంఘం మీటింగు పెడతారు.

ఆ రోజు శుక్రవారం. సాయంత్రం పక్కింట్లో ఆడవాళ్ల ఉపవాస ప్రార్థన. చాపల మీద ఇంటినిండా కూర్చున్నారు. సుగుణ స్నేహితురాలిననేసరికి నన్నే పాట ఎత్తమన్నారు. అందరికీ తెలిసిన కీర్తనే ఎత్తాను. పల్లవిలో మొదటి మాట దాటగానే నేనొక దారి, వాళ్లొక దారి అయ్యాం. మాటలు అవే, రాగం వేరు. నేను మా గోదావరి రాగంలో సాగదీస్తుంటే వాళ్లు చరణంలోకి వెళ్లిపోయారు. అందరం ఆగి ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మూలన కూర్చున్న ఒక పెద్దావిడ అంది: “మీ రాగంలో నీళ్లు ఎక్కువమ్మా. మాది మెట్టపాట.”

ఇల్లంతా నవ్వు. మళ్లీ మొదటి నుంచి, ఈసారి మెట్టపాటే పాడాం. నేను వాళ్ల వెనక నడిచాను.

పాట తర్వాత ఒక్కొక్కరూ తమ భారాలు చెప్పుకున్నారు. ఒకామెకు టమోటా ధర పడిపోయింది. ఇంకొకామె కోడలికి మళ్లీ గర్భం నిలవలేదు. ఒకరు చెబుతుంటే పక్కనున్నవాళ్లు చెయ్యి పట్టుకునేవారు. చివరికి సరోజనమ్మ వంతు వచ్చింది.

“ఆపరేషనై వచ్చినాక మొదటి ఆదివారం నా చెల్లెలు చర్చికి పొయ్యింది” అంది. “పాట మొదలుపెట్టినారు. అంతే, అందురూ తిరుక్కోని ఆయమ్మనే సూసినారు. సగం మంది ఏడ్సినారు. పాట మద్దెలో లేసి వచ్చేసింది. మళ్లా ఆ పక్కకు పోలే. వాళ్లది ప్రేమేలే, నాకు తెల్సు. కానీ పాటకు వచ్చినోళ్లు సావుకు వచ్చినట్ల ఏడిస్తే ఎవురు కూసుంటారు?”

మోకరించి, అందరం ఒక్కసారే, ఎవరి మాటలు వాళ్లు ప్రార్థన చేసుకున్నాం. తర్వాత ఉపవాసం విడిచారు. మా దగ్గరైతే ఉప్మా, టీ. ఇక్కడ పెద్ద చేటలో బొరుగులు (మా మరమరాలే), వేయించిన చెనక్కాయలు, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ కలిపి మధ్యలో పెట్టారు. అన్ని చేతులూ ఆ చేటలోకే. నాకు ఉప్మా గుర్తు రాలేదు.

పుంగనూరులో పోయిన సంచి

శనివారం పొద్దున్న కుప్పం వెళ్లే దారిలో ముందు పలమనేరు బస్సెక్కాను. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగితే, టీ తాగుదామని చేతిసంచి మాత్రం పట్టుకుని దిగాను. టీ పది రూపాయలు, గ్లాసు నిండా పోశాడు. వేడి టీ ఊదుకుని తాగుతున్నాను. తల ఎత్తేసరికి బస్సు లేదు. నా పెద్ద సంచి, అందులో దుప్పట్లు, సుగుణక్క కోసం తెచ్చిన పూతరేకులు, అన్నీ పలమనేరు రోడ్డు పట్టుకుని పోతున్నాయి.

నేను కెవ్వుమన్నట్టున్నాను. టీ కొట్టాయన, బాషా, స్టవ్వు తగ్గించి బయటికి వచ్చాడు.

“ఏంమా, ఏమాయ?”

“బస్సండీ! నా సంచి అందులో ఉందండీ!”

“పలమనేరు బస్సేనా? ఆ డ్రైవరు మన్నోడే. రోజూ ఈడనే తాగతాడు. నువ్వు భయపడాకు.” ఫోను తీసి గట్టిగా మాట్లాడాడు. కండక్టరు నా సంచిని ఎదురొచ్చే బస్సులో వేసి పంపుతాడట. “అంతసేపు ఎండలో యాల నిలబడేది? మీ చర్చి ఆ మలుపులోనే ఉండాది. పోయి నీడన కూసో. సంచి వస్తే నేనే తెచ్చిస్తా.”

నా చేతిసంచిలోంచి బైబిలు అంచు కనబడుతోంది. ఆయన చూసినట్టున్నాడు.

చర్చి తలుపులు తీసే ఉన్నాయి. లోపల బెంచీలన్నీ ఒక పక్కకు జరిపి, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుని, ఆడవాళ్లు నేల కడుగుతున్నారు. శనివారం శనివారం వంతులు వేసుకుని చేస్తారట. మా చర్చిలో ఊడ్చేందుకు జీతగాడున్నాడు. మేము ఆదివారం ఇస్త్రీ చీరల్లో వెళ్లి కూర్చుంటాం, నేల ఎవరు తుడిచారో కూడా చూడం. నా కథ విని వాళ్లు నన్ను బెంచీ మీద కూర్చోమన్నారు. కాసేపు కూర్చున్నాను. కాళ్ల కిందకు నీళ్లొచ్చినప్పుడల్లా కాళ్లు పైకెత్తుకుని కూర్చోవడం నాకే బాగాలేక, చెప్పులు విడిచి చీపురు అడిగాను.

“అతిథివి గదమ్మా” అంది వాళ్లలో పెద్దామె, రాహేలమ్మ.

“సంచి వచ్చేదాకా మీ మనిషినే అనుకోండి” అన్నాను.

కడుగుతూ మాటల్లో, ఎవరింటికి వెళ్తున్నానో చెప్పాను. రాహేలమ్మ చేతిలో బకెట్టు కింద పెట్టేసింది. “సుగుణమ్మ కాడికా? ఆయమ్మ మాకు పాటలు నేర్పింది గదా! ఆడోళ్ల కూటానికి వచ్చి వారం ఉన్నింది. తప్పు పాడితే గరిట తీసుకోని కొట్టేటట్ల సూసేది.” మిగతావాళ్లు నవ్వారు. గొంతు పోయిన సంగతి వాళ్లకు తెలుసు. పోయి చూడాలని ఉన్నా, చూసి ఏం మాట్లాడాలో తెలియక ఎవరూ పోలేదట.

నాకప్పుడు ఒక ఆలోచన వచ్చింది. “మీకు నేర్పిన పాటే ఒకసారి పాడండి. ఫోనులో రికార్డు చేసి తీసుకెళ్తాను” అన్నాను.

రాహేలమ్మ సందేహించింది. “ఇంటే ఆయమ్మ మనసు నొచ్చుకోదా?”

“సంతోషిస్తుంది” అన్నాను, ఏదో నాకు తెలిసినట్టు.

తడి నేల మీద, చేతుల్లో చీపుర్లతోనే నిలబడి పాడారు. ఖాళీ చర్చిలో ఆ గొంతులు గోడలకు తగిలి తిరిగి వస్తుంటే నాకు ఒళ్లు పులకరించింది. పాట అయ్యేసరికి బాషా నా సంచి భుజాన వేసుకుని గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. పాట మధ్యలో పిలవకూడదని ఆగాడట.

సంచి తెరిచి చూస్తే పూతరేకులు పొడి పొడి. పై దుప్పటి మీద ఎవరో కూర్చున్నట్టున్నారు. ఆ పొడినే అందరి చేతుల్లో తలా ఇంత పెట్టాను. బాషా నోట్లో వేసుకుని, “కాగితంలా ఉండాది, తియ్యంగా ఉండాది, ఏంమా ఇది?” అన్నాడు. బియ్యప్పిండితో చేస్తారంటే నమ్మలేదు.

కుప్పం దాటాక

కుప్పం బస్టాండులో ఒకే కొట్టుదగ్గర మూడు భాషలు విన్నాను. అరటిపళ్లమ్మే ఆమె నాతో తెలుగులో, పక్కావిడతో తమిళంలో, ఆటో అబ్బాయితో కన్నడంలో బేరమాడింది. ఏ భాషలోనూ ధర మాత్రం తగ్గించలేదు.

గుడుపల్లె దారిలో రెండు పక్కలా మల్బరీ తోటలు. ఆ పల్లెలో దిగి ఇల్లు అడిగితే ఒకామె ఆకుల మూటతో ముందు నడిచి చూపించింది. సుగుణక్క వాకిట్లో మొక్కలకు నీళ్లు పోస్తోంది. సన్నబడింది. మెడ చుట్టూ తెల్లటి పలచని గుడ్డ కట్టుకుంది. నన్ను చూసి, చెంబు అక్కడే వదిలి వచ్చి రెండు చేతులా పట్టుకుంది. ఆమె ఊపిరి మెడ దగ్గరి గుడ్డలోంచి నా బుగ్గకు తగిలింది. దారంతా అనుకున్న మాటల్లో ఒక్కటీ నాకు గుర్తు రాలేదు.

ఫోను తీసి టైపు చేసి చూపించింది: “రావొద్దన్నాను కదా.” నేను చదివేలోపే వెనక్కి లాక్కుని ఇంకోటి కొట్టింది: “అన్నం తిన్నావా?”

తిన్నాక కబుర్లు. నేను నోటితో, ఆమె వేళ్లతో. పాలకొల్లులో ఎవరెలా ఉన్నారో అన్నీ అడిగింది. చర్చి ఊసు మాత్రం ఎత్తలేదు. నేనే అడిగాను, మీ చర్చి ఎక్కడని. కిటికీలోంచి చూపించింది. వానలకు గోడ పగిలితే పైకప్పు దించేశారు. కొత్త గోడలు కిటికీల ఎత్తుకు లేచి ఆగాయి. కట్టడం పూర్తయ్యేదాకా సంఘమంతా మునస్వామప్ప అనే రైతు పట్టుపురుగుల షెడ్డులో ఆరాధన చేసుకుంటోంది. ఆయన క్రైస్తవుడు కాదు. వాళ్లమ్మ మంచాన పడితే సుగుణక్క రోజూ వెళ్లి పుండ్లు కడిగిందట. ఆ అభిమానంతో పురుగులు లేని వారాల్లో షెడ్డు ఇస్తున్నాడు.

పొద్దు వాలుతుండగా, ఇదే సమయమనుకుని నేను పుంగనూరు పాట వినిపించాను. సుగుణక్క చేతిలోకి ఫోను తీసుకుని తల వంచి విన్నది. రెండో చరణం దాటింది. మూడో చరణం మధ్యలో పాట ఆపేసి, ఫోను బోర్లించి, లేచి పెరట్లోకి వెళ్లిపోయింది.

రాహేలమ్మ అడిగిన మాట అప్పుడు నాకు గుర్తొచ్చింది. వెనకే వెళ్లాలా, కూర్చోవాలా తెలియలేదు. కూర్చున్నాను. ఆమె మొహం కడుక్కుని వచ్చి, నా పక్కన కూర్చుని, చాలాసేపు టైపు చేసింది.

“మూడో చరణం తప్పు పాడుతున్నారు. ఎత్తుకోవాల్సిన చోట దించేస్తున్నారు. నేను నేర్పింది అలా కాదు. ఇక దిద్దలేను వసంతా. పాడలేకపోతే పోయింది. తప్పు వింటూ కూర్చోవడం నావల్ల కాదు.”

ఆమె పోయిన గొంతు కోసం ఏడ్చిందని నేననుకున్నాను, ఆమె బాధ పాట తప్పినందుకు. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అంతలో వాకిట్లో దగ్గు వినిపించింది. సంఘ పెద్ద యేసేపప్ప, వెనకే తలగుడ్డ తీసి చేత్తో నలుపుకుంటూ మునస్వామప్ప.

“అక్కా, తప్పు నాదే” అన్నాడు మునస్వామప్ప. “పిల్ల పురుగులు వచ్చే వారం ఇస్తామన్నోళ్లు నిన్ననే తెచ్చి ఇచ్చేసినారు. షెడ్డు నిండిపోయింది. రేపు ఇంతమంది కాళ్లు లోపల పడితే దుమ్ము, రోగం. ఒగటి సచ్చిందంటే అన్నీ పోతాయి.”

యేసేపప్ప అందుకున్నాడు. “చర్చికి ఇంగా కప్పు లేదు. ఊళ్లో ఇంత వాకిలి ఉండేది నీకాడనే. నువ్వు బయటికి రాకపోయినా సరే సుగుణా. తలుపేసుకోని లోపలనే ఉండు. మేము ఈడ కూసోని పోతాము.”

సుగుణక్క ఇద్దరి మొహాలూ చూసింది. తర్వాత నా మొహం అనుమానంగా చూసింది. టైపు చేసి చూపించింది: “నువ్వు చెప్పి చేయించావా?”

“నాకు పట్టుపురుగులతో పరిచయం లేదక్కా” అన్నాను.

ఆమె వాళ్లవైపు తిరిగి తల ఊపింది. అంతటితో ఆగలేదు. వాకిలి తనది గనక వచ్చినవాళ్లందరికీ భోజనం కూడా తనదేనని టైపు చేసింది. యేసేపప్ప కళ్లజోడు సవరించుకుని పైకి చదివి, “అట్లనే తల్లీ” అన్నాడు.

నాకింకా అనుమానం తీరక, ఆ పురుగులు నిజంగా వచ్చాయో లేదో చూద్దామని మునస్వామప్ప వెంట షెడ్డుకు వెళ్లాను. గుమ్మంలోనే ఆపేశాడు.

“పౌడరు పూసుకున్నావామ్మా?”

“కొంచెమండి.”

“ఆ వాసన పడదు వాటికి. ఆడనే నిలబడి సూడు.”

కంతలోంచి చూశాను. అరల్లో లేత ఆకుల మీద బూడిదరంగు పురుగులు మెల్లగా మసులుతున్నాయి. “ఇంగా సిన్నవే” అన్నాడు, పసిపిల్లల్ని చూపించినట్టు. “కొన్నాళ్లు పోతే తినే సద్దు వానలెక్క ఇనపడతాది.” నిజంగానే వచ్చాయి. వాటినెవరూ పిలవలేదు.

వాకిట్లో

ఆదివారం పొద్దున్నే వాకిలి చల్లి ముగ్గేశారు. మా వైపు సంఘాల్లో కొందరు ముగ్గు మానేశారు. ఇక్కడ వాకిలన్నాక ముగ్గుండాల్సిందే. ఎవరి చాపలు వాళ్లే తెచ్చుకున్నారు. మల్బరీ ఆకు కోసి చేతులు కడుక్కుని వచ్చినవాళ్లు, రాత్రి బెంగళూరు రైలు దిగి వచ్చిన ఉద్యోగాల పిల్లలు, మనవళ్లను చంకనేసుకున్న ముసలివాళ్లు. నాలుగు పల్లెలు చూసుకునే పాస్టరుగారు మోటారుసైకిలు మీద వచ్చి చెట్టు కింద ఆపారు. మునస్వామప్ప కూడా ఒక పక్కన గోడకానుకుని కూర్చున్నాడు, షెడ్డు ఇవ్వలేకపోయిన మొహమాటంతో.

సుగుణక్క బయటికి రాలేదు. వెనక వంటింట్లో సాంబారు చూస్తోంది. పోపు పొగ తన ఊపిరికి పడదని ఆ పని పక్కింటామెకు అప్పగించి, తను గరిట పట్టుకుని నిలబడింది. నేను ముందు గుమ్మంలో కూర్చున్నాను, అటూ ఇటూ కనబడేలా.

పాట ఎత్తింది ఎస్తేరు. బెంగళూరులో కంపెనీ ఉద్యోగం, శనివారం రాత్రికి ఊరు వస్తుంది. సుగుణక్క మానేశాక ఆ పని ఆమె మీద పడింది. భయంతో చాలా ఎత్తులో ఎత్తుకుంది. పల్లవి ఎలాగో గడిచింది. చరణంలో గొంతు చీలింది. మగవాళ్లు కింద శ్రుతిలోకి దిగిపోయారు, ఆడవాళ్లు పైనే ఉండిపోయారు. డోలక్కు ఆయన ఇద్దర్నీ వదిలేసి తన దారిన పరుగెత్తుతున్నాడు. అది నిన్న నేను వినిపించిన పాటే. మూడో చరణం దగ్గర పడుతోంది.

లోపల గరిట చప్పుడు ఆగింది.

నేను తిరిగి చూశాను. సుగుణక్క వంటింట్లోంచి నడవలోకి వచ్చి నిలబడింది. కళ్లు మూసుకుంది. మొహం నొప్పి భరిస్తున్నట్టుంది. మూడో చరణం మొదలైంది. ఎత్తుకోవాల్సిన చోట అందరూ దించేశారు.

ఆమె నన్ను దాటుకుని గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గరిట అలాగే ఉంది. దాంతో తలుపు చెక్క మీద గట్టిగా కొట్టింది. పాట తెగిపోయింది. వాకిలంతా ఆమెను చూసింది. మళ్లీ ఏడుస్తారేమోనని నేను ఒక్కొక్కరి మొహమూ చూశాను. కానీ ఆమె మొహం చూసి ఏడ్చే ధైర్యం ఎవరికీ లేదు. అది తప్పు లెక్క చేసిన పిల్లల్ని చూసే పంతులమ్మ మొహం.

గరిటతో ఎస్తేరును చూపించి, అరచేతిని మెల్లగా కిందికి దించింది. ఎస్తేరుకు అర్థమై, తగ్గించి ఎత్తింది. ఇంకొంచెం, అన్నట్టు చెయ్యి మళ్లీ కదిలింది. మూడోసారికి శ్రుతి కుదిరింది. డోలక్కు ఆయన్ను చూసి చూపుడు వేలు పెదాల మీద పెట్టుకుంది. పల్లవి వరకు ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత గరిటతో గాలిలో ఒక దెబ్బ వేసి, రా అంది. వచ్చాడు. ఈసారి ఆమె చెయ్యి దాటి పరుగెత్తలేదు.

మొదటి చరణం అయింది. రెండోది అయింది. మూడోదానికి ముందు ఆమె అందర్నీ ఆపింది. నన్ను లేపి నిలబెట్టి, నా గడ్డం కింద వేళ్లు పెట్టి పైకెత్తింది. నేను ఎత్తాను. నీళ్లు ఎక్కువైన నా గొంతుతోనే, అయితే ఆమె పుంగనూరు వాళ్లకు నేర్పిన మెట్ట రాగంలోనే. ఎక్కడ ఎత్తుకోవాలో ఆమె గరిట పైకి లేచి చూపించింది. వాకిలంతా నా వెంట వచ్చింది. ఆడవాళ్లు, మగవాళ్లు, డోలక్కు, అందరూ ఆ ఎత్తు మీద కలుసుకున్నారు. సుగుణక్క పెదాలు ప్రతి మాటకూ కదులుతున్నాయి. పాట అయ్యాక కూడా గరిట దించలేదు. చివరి మాట గాలిలో పూర్తిగా ఆరిపోయాక దించింది.

“సాంబారు మాడతాంది” అని లోపల్నుంచి పక్కింటామె కేకేసింది. అందరూ నవ్వారు. సుగుణక్క కూడా, శబ్దం లేకుండా, భుజాలు కదిలేలా నవ్వింది. కానీ లోపలికి వెళ్లలేదు. గరిట నా చేతికిచ్చి, ఎస్తేరు పక్కన చాప మీద కూర్చుంది.

ఆ రోజు వాక్యం మీద పాస్టరుగారు ఏం చెప్పారో నేను సరిగా వినలేదు, సాంబారు నా పూచీ అయింది. కొంచెం అడుగంటింది. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. అన్నం, సాంబారు, అలసంద వడలు, మజ్జిగ. మునస్వామప్ప వడలు వడ్డించాడు. ఇప్పుడు శనివారం సాయంత్రాలు ఆ వాకిట్లో పాటల అభ్యాసం జరుగుతోందని, షెడ్డు ఖాళీ అయినా ఎవరూ అక్కడికి మారడం లేదని యేసేపప్ప మొన్న ఫోనులో చెప్పాడు. పుంగనూరు ఆడవాళ్లు కూడా ఒకసారి వచ్చి వెళ్లారట. చర్చి గోడలు మాత్రం ఇంకా కిటికీల ఎత్తులోనే ఉన్నాయి.

ఆ ఆదివారం భోజనాలయ్యాక పాస్టరుగారు, “రేపు పాలకొల్లు అమ్మ పోతాంది. ఎవురన్నా ప్రయాణం కోసరం ప్రార్థన చెయ్యండి” అన్నారు. అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. సుగుణక్క లేచింది.

నేను మోకరించాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. అందరం కళ్లు మూసుకున్నాం. వాకిట్లో మాట లేదు. ఆమె ఊపిరి వస్తూ పోతూ ఉండటం మాత్రం నాకు పైన వినబడుతోంది. ఎక్కడో ఒక పసివాడు కుయ్‌మంటే తల్లి జోకొట్టింది. ఎండ వీపు మీద వెచ్చగా ఉంది. ఆమె ఏమడిగిందో నాకు తెలియదు, చాలా అడిగిందని మాత్రం తెలుసు. తొందరపడి ఎవరూ గొంతు సవరించుకోలేదు. ఆమె ఎంతసేపు చేస్తే అంతసేపు, ఆ వాకిలంతా ఆమె మాట విన్నది.

తర్వాత ఆ చెయ్యి నా తల మీద ఒకసారి గట్టిగా నొక్కి, లేచింది.

“ఆమేన్” అన్నాను. నా వెనక అందరూ అన్నారు.